బయట గోడలకు మళ్లీ రంగులు వేయించే టైం వచ్చిందని ఎలా తెలుస్తుంది? గుంటూరులో మా ఇల్లు, ఇద్దరు మేస్త్రీలు, రెండు మాటలు

కొరిటెపాడు ఇల్లు

అందరికీ నమస్తే. మాది గుంటూరు కొరిటెపాడులో జి ప్లస్ వన్ ఇల్లు. 2009లో కట్టుకున్నాం. బయట రంగులు చివరిసారి 2017లో వేయించాం. అప్పుడు వేసింది ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (బయట గోడలకు వేసే, నీళ్లు కలిపే రంగు), బిస్కెట్ రంగు. సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, రెండేళ్ల మనవడు వస్తున్నారు. వాళ్లు వచ్చేలోపు రంగులు అయిపోవాలని మావారి పట్టుదల.

ఇద్దరు మేస్త్రీలను పిలిచి చూపించాం. ఒకాయన రోడ్డు మీదే నిలబడి పైకి కిందికి చూసి, "నీళ్లు కొట్టి రంగు రెండు కోట్లు వేస్తే చాలమ్మా, వారంలో అయిపోద్ది" అన్నాడు. రెండో ఆయన "పాతదంతా గీకెయ్యాలి, మొత్తం పుట్టీ పెట్టాలి, ఆ తర్వాత ప్రైమరు, రెండు కోట్లు" అన్నాడు. పుట్టీ అంటే గోడను నునుపు చేసే ముద్ద, ప్రైమరు అంటే రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత అట. ఆయన చెప్పిన రేటు మొదటాయన దానికి రెట్టింపు దాటింది. ఎదురింటి మాస్టారేమో "గోడలు బాగానే ఉన్నాయిగా, ఇంకో రెండేళ్లు ఆగండి" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఇల్లు పడమర ముఖం. ముందు వైపు రంగు బాగా వెలిసింది. గోడకు ఆనుకుంటే చొక్కాకు తెల్లటి పొడి అంటుతోంది. ఉత్తరం వైపు బాత్‌రూములు ఉన్నాయి. అక్కడ సజ్జల కింద నల్లటి చారలు, నాచు, ఒకచోట అరచేయంత పొక్కు. దక్షిణం, తూర్పు గోడలు చూడటానికి బాగానే ఉన్నాయి. పిట్టగోడ మీద సన్నటి పగుళ్లు ఉన్నాయి. పడమటి కిటికీ మూల నుంచి ఒక ఏటవాలు పగులు ఉంది. మొక్కలు ఉన్న చోట నేల నుంచి అడుగు ఎత్తు వరకు ప్లాస్టరింగ్ పొట్టు లేచి, తెల్లగా ఉప్పు పూస్తోంది.

నిజంగా వేయించాల్సిన టైం వచ్చిందా? వస్తే ఎంతవరకు చేయించాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బెజవాడ రంగుల మేస్త్రి

అమ్మా, నమస్కారం. మాది సత్యనారాయణపురం. మా నాన్న ఇళ్లకు సున్నాలు వేసేవారు. ఆయన వెంట బకెట్లు మోస్తూ ఈ పనిలోకి వచ్చాను, ఇప్పటికీ ఇదే పని. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఎన్నేళ్లయిందనే లెక్క పక్కన పెట్టండి. ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి తీసి వేసిన రంగు కూడా నాలుగు గోడల మీద నాలుగు రకాలుగా పాడవుతుంది. ఇల్లు మొత్తానికి కలిపి జవాబు వెతికితే దొరకదు. ఒక్కో గోడ దగ్గరికి వెళ్లి ముట్టుకుని చూడాలి. రోడ్డు మీద నిలబడి రేటు చెప్పేవాళ్లను నేను నమ్మను. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు కూడా గోడను తట్టకుండా రేటు చెప్పొద్దని గట్టిగా చెబుతాను.

మీ పడమటి గోడ సంగతి. రంగులో పిగ్మెంటును (రంగునిచ్చే పొడిని) పట్టి ఉంచే జిగురు ఒకటి ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏటా ఆ జిగురును కొంచెం కొంచెం తినేస్తాయి. జిగురు పోయాక పైన మిగిలేది పొడి. మీ చొక్కాకు అంటుతున్నది అదే. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా పడమటి గోడ కాలుతూనే ఉంటుంది. అందుకే అన్నిటికంటే ముందు అదే పోతుంది. రంగు వెలవడం ఒక్కటే అయితే కంగారు లేదు, అది చూపుకు సంబంధించిన విషయం. పొడి రాలుతోందంటే మాత్రం రంగు గోడను కాపాడటం మానేస్తోందని అర్థం. ఎంతవరకు మానేసిందో తెలియాలంటే ఒక మగ్గు నీళ్లు గోడ మీద చల్లండి. నీళ్లు జారిపోతే ఇంకా కొంత బలం ఉంది. రెండు మూడు నిమిషాల్లో గోడ తడిసి ముదురు రంగుకు తిరిగితే నీళ్లు లోపలికి పోతున్నాయి. అప్పుడు వాయిదా వేయకండి, వచ్చే వానాకాలంలో ఆ నీళ్లు హాలు గోడ మీద తేలతాయి.

ఇంకో పరీక్ష. బాగున్నాయంటున్న దక్షిణం, తూర్పు గోడల మీద కూడా చేయండి. గోడ మీద దుమ్ము తుడిచి, కొత్త బ్లేడుతో నిలువుగా నాలుగు, అడ్డంగా నాలుగు గీతలు గీయండి. చిన్న చిన్న గళ్లు వస్తాయి. దాని మీద ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. గళ్లలో రంగు టేపుతో పాటు ఊడి వస్తే పాత కోటు పట్టు వదిలేసింది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పాతదాన్నే పట్టుకుని రెండూ కలిసి పెచ్చులుగా ఊడతాయి. అలాంటి చోట గీకక తప్పదు. గళ్లు చెక్కుచెదరకపోతే గీకే అవసరమే లేదు.

ఇక రూపాయి బిళ్ల తీసుకుని గోడంతా కొట్టుకుంటూ వెళ్లండి. పిట్టగోడ, సజ్జల అంచులు, కింది అడుగు మరీ జాగ్రత్తగా చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. అక్కడ తాపీ మేస్త్రి పని ముందు, మా పని తర్వాత.

ఉత్తరం వైపు సమస్య ఎండ కాదు, నీళ్లు. సజ్జ అడుగున, అంచు పక్కనే ఒక సన్నటి గాడి ఉండాలి. అది ఉంటే వాన నీళ్లు అక్కడే బొట్లుగా కింద పడతాయి. లేకపోతే సజ్జ అడుగు మీదుగా గోడ దాకా పాకి చారలు కడతాయి. ఆ గాడి ఉందో లేదో చూడండి. నాచుకు బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి పూసి, కాసేపు నాననిచ్చి, గట్టి బ్రష్‌తో రుద్ది కడిగించండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. బాత్‌రూం యాసిడ్‌ను అందులో అస్సలు కలపనివ్వకండి, విషవాయువు వస్తుంది. నాచును కడగకుండా పైన రంగు వేస్తే రంగులోంచి మళ్లీ పైకి వస్తుంది.

అరచేయంత పొక్కు అన్నారు కదా. అది సరిగ్గా బాత్‌రూం పైపు వెళ్లే చోట ఉందా? ఉంటే పైపు చూపించండి. పొక్కు వచ్చిందంటే లోపలి చెమ్మ రంగును బయటికి తోస్తోంది. అడుగు చదరం పాలిథిన్ కవరు తీసుకుని, పొక్కు పక్కన గోడకు నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజంతా వదిలేయండి. కవరు లోపలి వైపు చెమట పడితే గోడ ఇంకా తడిగా ఉంది. ఆ గోడకు ఇప్పుడు రంగు వద్దు.

పుట్టీ మాట. బయట గోడ మొత్తానికి పుట్టీ పెట్టమనే మాట నాకు నచ్చదు. బయట గోడకు ఇంటి లోపల ఉన్నంత నునుపు అక్కర్లేదు. గుంటలు, పగుళ్లు ఉన్న చోట వైట్ సిమెంట్ పుట్టీ పెడితే సరిపోతుంది. లోపల వాడే అక్రిలిక్ పుట్టీ బయట వానకు ఆగదు. మీ రెండో మేస్త్రి ఏ పుట్టీ అన్నాడో అడగండి. మొదటాయన ప్రైమరు మాటే ఎత్తలేదు, అదీ తప్పే. పొడి రాలే గోడను కడిగి ఆరబెట్టి ఎక్స్‌టీరియర్ ప్రైమరు వేయాలి. అది వేయకపోతే కొత్త రంగు గోడను కాదు, పొడిని పట్టుకుంటుంది.

ఈ పరీక్షలు చేసి ఏం కనిపించిందో ఇక్కడే రాయండి.

సింగ్‌నగర్ మూడో లైను

మేస్త్రి గారు చెప్పిన చెమ్మ గురించి మా వీధి సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చింది. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ చుట్టుపక్కల చాలా ఇళ్లు వారం దాటినా నీళ్లలోనే ఉన్నాయి. మా ఇంట్లో నీళ్లు కిటికీ గట్టు దాకా వచ్చాయి. నీళ్లు తీశాక ఇల్లు చూస్తే ఏడుపు వచ్చేది. ఆ బురద మరక కనపడకుండా చేయాలనే అందరి తాపత్రయం. మా లైన్లో కొందరు అదే దసరాకు రంగులు వేయించుకున్నారు. సంక్రాంతి నాటికి కింది నాలుగు అడుగులూ పొక్కులు, పెచ్చులు, పైన తెల్లటి ఉప్పు. గోడ పైకి ఎండినట్టే ఉంటుందండీ, ఇటుక లోపల నీళ్లు అలాగే ఉంటాయి. ఆ నీళ్లు బయటికి వస్తూ ఉప్పును వెంట తెస్తాయి, నీరు ఆవిరవుతుంది, ఉప్పు గడ్డకట్టి రంగును తోసేస్తుంది.

మేం ఒక ఎండాకాలం మొత్తం గోడలను అలాగే వదిలేశాం. చుట్టాలు వచ్చినప్పుడల్లా మా అమ్మకు బాధగా ఉండేది, అయినా ఆగాం. పాడైన ప్లాస్టరింగ్ కొట్టించి కొత్తది వేయించాం. దాన్ని నీళ్లు పెట్టి బాగా క్యూరింగ్ చేసి, నెల దాటాక ప్రైమరు వేశాం. ఇప్పటి వరకు ఎక్కడా పొక్కు లేదు.

మీ మొక్కల దగ్గర ఉప్పు పూస్తోంది అన్నారు కదమ్మా. దాన్ని పొడి బ్రష్‌తోనే దులిపించండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కుండీలు గోడకు దూరంగా జరపండి, మట్టి గోడకు ఆనకుండా తీయించండి. మొక్కలకు రోజూ పోసే నీళ్లే మీ గోడ తాగుతోందని నా అనుమానం.

గుంటూరు సైట్ ఇంజనీర్

పగుళ్ల గురించి మాత్రం రాస్తాను, మిగతాది మేస్త్రి గారు బాగా చెప్పారు.

పిట్టగోడ మీద వల లాగా అల్లుకున్న సన్నటి పగుళ్లు అయితే అవి ప్లాస్టరింగ్ కుంచించుకుపోవడం వల్ల వచ్చేవి. ప్రమాదం లేదు, కానీ వాటిలోంచి నీళ్లు దిగుతాయి. పిట్టగోడకు రెండు వైపులా, తల మీద కూడా వాన, ఎండ తగులుతాయి, ఇంట్లో ముందు పాడయ్యేది అదే. సన్నటి వాటిని క్రాక్ ఫిల్లర్ పేస్టుతో నింపితే చాలు. 3 మిల్లీమీటర్లు దాటితే వి ఆకారంలో కోసి మోర్టార్‌తో (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దతో) నింపాలి.

కిటికీ మూల ఏటవాలు పగులు వేరే సంగతి. గుంటూరు చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. పునాది దానితో పాటు కదిలితే కిటికీ మూలల్లో ఇలాంటి పగుళ్లు వస్తాయి. పగులు రెండు చివర్ల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. వెడల్పు కూడా కొలిచి రాసుకోండి. ఇప్పుడొకసారి, మే నెలలో ఒకసారి చూడండి. గీత దాటి పెరిగినా, వెడల్పు మారినా లేదా అదే పగులు ఇంటి లోపల వైపు కూడా కనిపిస్తున్నా, ఇంజనీరును పిలిచి చూపించాకే రంగు సంగతి ఆలోచించండి. కదిలే పగులును ఎంత నింపినా మళ్లీ తెరుచుకుంటుంది.

ఇంకొకటి చూడమని నా మనవి. సజ్జల అడుగున, బాల్కనీ స్లాబు అంచున ఎర్రటి తుప్పు మరక గానీ, లోపలి ఇనుప ఊచ వెంట పొడవునా పగులు గానీ ఉందా? ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలు దాటుతుంది, అది లోపలి నుంచి కాంక్రీటును పగలగొడుతుంది. ఆ మరక మీద రంగు వేస్తే కనపడదు, లోపల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. సజ్జ పెచ్చు ఊడి కింద ఆడుకునే పిల్లల మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. తుప్పు కనపడితే వదులు కాంక్రీటు కొట్టించి, ఊచ శుభ్రం చేయించి, తుప్పు పట్టనివ్వని పూత వేయించి, మళ్లీ మోర్టార్ పెట్టించాకే రంగు.

బ్రాడీపేట అమ్మమ్మ

ఇంట్లో రెండేళ్ల పిల్లాడు తిరుగుతాడని చదివి ఇది రాస్తున్నాను. ఇంటి రంగుల్లో పిల్లలకు హాని చేసే సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమలైంది 2017 నవంబరు నుంచి. మీ కిటికీ గ్రిల్స్‌కు, గేటుకు 2009లో వేసిన ఎనామిల్‌లో (ఇనుముకు వేసే నూనె రంగులో) సీసం ఉండి ఉండవచ్చు. దాన్ని పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దనివ్వకండి. నీళ్లు చల్లుతూ రుద్దమనండి, కింద పట్టా పరిచి ఆ చెత్తంతా మూటగట్టించండి. పిల్లాడు వచ్చాక మాత్రం ఆ పని పెట్టుకోకండి. చిన్నపిల్లలు నేల మీద చేతులు పెట్టి అవే నోట్లో పెట్టుకుంటారు.

కొరిటెపాడు ఇల్లు

అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. మావారు, నేను కలిసి అన్నీ చూశాం.

పడమటి గోడ మీద నీళ్లు చల్లితే వెంటనే పీల్చేసింది. టేపు లాగితే కిటికీల మధ్య భాగంలో రంగు ఊడి వచ్చింది, మిగతా చోట్ల రాలేదు. దక్షిణం, తూర్పు గోడల మీద నీళ్లు జారిపోయాయి, గళ్లు అలాగే ఉన్నాయి. పిట్టగోడ మీద రెండు చోట్ల డొల్ల శబ్దం వచ్చింది. ఉత్తరం వైపు కవరు లోపల నీటి బొట్లు కనిపించాయి. మేస్త్రి గారు అన్నట్టే పొక్కు వెనకే పైఅంతస్తు బాత్‌రూం పైపు ఉంది. సజ్జలకు గాడి లేదు. తుప్పు మరకలు ఎక్కడా లేవు, హమ్మయ్య అనిపించింది. కిటికీ పగులు లోపల వైపు కనిపించడం లేదు, పెన్సిల్ గీతలు గీసి తేదీ వేశాం. కుండీలు జరిపేశాం.

మేస్త్రి గారూ, ఇప్పుడు నా ప్రశ్న. పడమటి వైపు, పిట్టగోడ మాత్రమే వేయించి మిగతావి ఆపితే ఇల్లు అతుకుల బొంతలా కనపడదా? ఇప్పుడు కార్తీకమే కదా, వానలు ఇంకా పడుతూనే ఉన్నాయి, సంక్రాంతికి అవుతుందా?

బెజవాడ రంగుల మేస్త్రి

అమ్మా, బాగా చూశారు. పడమర, పిట్టగోడ ఇప్పుడు చేయించాల్సిందే. దక్షిణం, తూర్పు కడిగించి వదిలేయండి, వాటికి ఇంకా బలం ఉంది. ఉత్తరం వైపు ఇప్పుడు పైపు బాగు చేయించి, సజ్జలకు గాడి పెట్టించి, నాచు కడిగించండి. రంగు మాత్రం ఎండలు ముదిరి గోడ ఎండాక. మళ్లీ కవరు కట్టి చూసి, చెమట లేదంటేనే బ్రష్ పట్టనివ్వండి. మొక్కల దగ్గర కింది అడుగు కూడా అప్పుడే.

అతుకుల్లా కనపడుతుందనే భయం అక్కర్లేదు. గోడ మధ్యలో ఆపితేనే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మూల నుంచి మూల దాకా, కింది నుంచి పిట్టగోడ దాకా ఒక ముఖం మొత్తం వేస్తే కన్ను పట్టుకోదు, రెండు గోడల మీద వెలుగు ఎలాగూ వేరుగానే పడుతుంది. పాత డబ్బా మీద షేడ్ నంబరు ఉంటే అదే తెచ్చుకోవచ్చు. అయినా ఎనిమిదేళ్లు వెలిసిన గోడతో సరిగ్గా కలవదు, కాబట్టి ఒకటి రెండు మెట్లు లేత షేడ్ తీసుకోండి. బిస్కెట్, ఇసుక, మట్టి రంగులు ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్‌తో వస్తాయి, ఎండకు ఆగుతాయి. పడమటి ముఖానికి ముదురు ఎరుపు, గాఢమైన పసుపు లాంటివి ఎంచుకోవద్దు, త్వరగా వెలుస్తాయి.

సంక్రాంతికి అవుతుంది. పిట్టగోడ తాపీ పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. డొల్ల కొట్టించి కొత్త ప్లాస్టరింగ్ వేస్తే 28 రోజులైనా ఆగాక ప్రైమరు. ఈలోగా వానలు కూడా తగ్గుతాయి. పడమటి గోడ కడిగాక బాగా ఆరనివ్వండి, మబ్బు పట్టిన రోజు పని ఆపేయమనండి. ఆ గోడకు ఉదయం పూట రంగు వేయించండి, అప్పుడు అది నీడలో ఉంటుంది. కాలుతున్న గోడ మీద వేస్తే రంగు బ్రష్ కిందే ఎండి చారలు పడుతుంది. ఒక కోటుకు, ఇంకో కోటుకు మధ్య నాలుగైదు గంటలు ఉండాలి.

డబ్బాలు మీ ఎదురుగా తెరిపించండి. ఒకే గోడకు వాడే డబ్బాలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసుకోండి. నీళ్లు డబ్బా మీద రాసిన కొలత వరకే కలపాలి. మామూలుగా రంగు రెండు కోట్లు వేస్తే లీటరుకు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. ఎవరైనా మీ గోడకు అంతకంటే చాలా తక్కువ లీటర్లతో పని అయిపోయిందంటే నీళ్లు ఎక్కువ పోశారన్నమాట. కూలీ చదరపు అడుగు లెక్కన మాట్లాడుకోండి, కిటికీలు, తలుపుల కొలత అందులోంచి తీసేయమనండి. గీకడం అవసరమైన చోట్లు కిటికీల మధ్య భాగం మాత్రమే కాబట్టి, దానికి రేటు విడిగా రాయించుకోండి. ఈ లెక్కతో ఆ ఇద్దరినీ మళ్లీ పిలిచి అడగండి. చేతితో గోడ తట్టి చూసి మాట్లాడినవాడికి పని ఇవ్వండి.